ఇతరములు: వివరించండి

అడయారులో మూడో అంతస్తు, ఏసీ నీళ్ళు కారే గది.
తెలుగు ఎవరికి వచ్చని అడిగితే
చెయ్యెత్తాను. అంతే నా అర్హత.
పుట్టింది పెరంబూరులో. వీధిలో తమిళం, బళ్ళో ఇంగ్లీషు.
తెలుగు రాయడం మాత్రం అమ్మ నేర్పింది,
పాల చీటీల వెనకవైపు.

కీమో అయ్యాక రెండేళ్ళపాటు
మూడు నెలలకోసారి ఫోన్ చేసి అడగాలి:
వాంతులా, నీరసమా, తిమ్మిరా?
సున్నా నుంచి నాలుగు దాకా ఒక అంకె వెయ్యాలి.
ఐదు కూడా ఉంది.
అది ఎవరినీ అడిగి వెయ్యం.

నొప్పి అని ఒక్క మాట ఇచ్చారు నాకు.
వాళ్ళు నాకు తిరిగిచ్చినవి
పోటు, సలుపు, తీపులు, గుంజుడు,
ఎముకలో ఎవరో తీరిగ్గా రంపం ఆడిస్తున్నట్టు,
"ఏం చెప్పను తల్లీ, నొప్పి గాదు ఇది, కోత."
అన్నిటికీ రెండు.
కీబోర్డు మీద ఆ అంకె అరిగిపోయింది.

మస్తానమ్మది సూళ్లూరుపేట,
బస్టాండు పక్కన టిఫిన్ బండి.
ఎడమ రొమ్ము తీసేశారు. ఆ మాట ఆమె అనదు.
"ఆ పక్క" అంటుంది,
అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేసిపోయిన వాటా గురించి చెప్పినట్టు.

మూడో నెల:
నోట్లో పాత రూపాయి బిళ్ళ పెట్టుకున్నట్టుంది పాపా,
చట్నీలో ఉప్పు ఇప్పుడు నా కూతురు చూస్తా ఉంది.
రుచి మార్పు, రెండు.

ఆరో నెల:
లోకల్ దిగి, సెంట్రల్‌లో బస్సెక్కి వచ్చిందంట.
ఆసుపత్రి మెట్ల దగ్గర వాచ్‌మన్ అడిగాడంట,
రెండో చెప్పేదమ్మా అని.
ఎక్కడ జారిందో. కాలికి తెలీలేదు.
"ఒంటి చెప్పుతో మద్రాసంతా తిరిగినా!"
నవ్వింది. నేనూ నవ్వాను.
ఫోన్ పెట్టేశాక కాసేపు
నా పాదాలు నేను చూసుకున్నాను.

తిమ్మిరి, మూడు అని వేశాను.
డాక్టర్ అరుళ్మొళి కళ్ళద్దాలు తీసి,
"స్నానం తనే చేస్తోందా?"
చేస్తోంది.
"చీర తనే కట్టుకుంటోందా?"
కట్టుకుంటోంది.
"అయితే రెండు."
మంచి మనిషి ఆమె. ఈ అంకెల్లేకపోతే
రేపు వచ్చేవాళ్ళకి మందు ఎంత తగ్గించాలో
ఎట్లా తెలుస్తుంది అంటుంది. నిజమే.
రెండు వేశాను.

తొమ్మిదో నెల ఫోన్ ఎత్తలేదు. పన్నెండో నెలా ఎత్తలేదు.
దానికీ ఒక గడి ఉంది: ఆచూకీ లేదు.
నొక్కడానికి అర సెకను.
నొక్కాక ఆమె ఉన్నట్టూ కాదు, పోయినట్టూ కాదు,
గ్రాఫులో గీత మీద నిలబడ్డ చిన్న అడ్డగాటు.
ఆ గీత మెట్లు మెట్లుగా కిందికి దిగుతుంది.
మెట్టుకొకామె.
పేర్లు తెలిసినదాన్ని,
నాకు ఆ మెట్ల మీద చూపు ఆనించడం కూడా కష్టం.

పదిహేనో నెల, తెలియని నంబరు.
"నన్ను అడగడం మర్చిపోయినావా పాపా?"
పాత ఫోను సాంబారులో పడిందంట.
"ఈ పొద్దు పెనం తగిలి వేలు కాలింది."
అయ్యో అన్నాను.
"అయ్యో ఏంది! కాలినట్టు తెలిసింది!
చుర్రుమనింది పాపా, చూపుడు వేలు.
ఏడాదైంది అది నాతో మాట్లాడి."
వెనకాల ఎవరో చట్నీలో ఉప్పెక్కువైందని అరుస్తున్నారు.
"నాలిక్కింకా రాలేదులే," అంది, "ఉప్పు."

ఆచూకీ గడిలో గుర్తు తీసేశాను.
తిమ్మిరి, ఒకటి.
కాలిన గాయం: కొత్త దుష్ఫలితమా? అనడిగింది ఫారం.
కాదు.
అట్టడుగున, ఎప్పుడూ ఖాళీగా పోయే గీత మీద,
డాక్టరుకి చదవడం రాదని తెలిసీ
తెలుగులోనే రాశాను:
చుర్రుమనింది.